వసంతంలో బాస్ చేపకి మెత్తటి ప్లాస్టిక్ ఎరలు: తోకలు తెగుతున్నాయి, చేప పడట్లేదు (డాలస్ చుట్టుపక్కల చెరువులు)

గట్టుమీద_గాలం

అందరికీ నమస్కారం. ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ వైపు కమ్యూనిటీ చెరువులు, వారాంతాల్లో రే రాబర్ట్స్ లేక్. బోటు లేదు, అంతా గట్టు మీంచే. మార్చి రెండో వారం, మధ్యాహ్నం మూడింటికి గట్టు పక్కన నీటి వేడి 59 డిగ్రీల ఫారన్‌హీట్.

సరంజామా: 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 10 పౌండ్లు తట్టుకునే మోనో (ఒంటిపోగు నైలాన్) లైన్, 5 అంగుళాల సెంకో (వార్మ్, అంటే వానపాములాంటి మెత్తటి ఎర), 3/0 సైజు ఈడబ్ల్యూజీ (వెడల్పు వంపు) హుక్, ముందు 1/4 ఔన్సు బుల్లెట్ వెయిట్. లైన్ బిగువుగా ఉంచి అడుగున మెల్లగా లాక్కొస్తుంటే టకటకా తగులుతోంది. గుంజితే ఖాళీ. పైకి తీసి చూస్తే తోక అంగుళం మేర ఉండదు. గంటలో నాలుగైదు వార్మ్‌లు పోతున్నాయి. హుక్ మార్చాలా, ఎర మార్చాలా, చోటు మార్చాలా? నెలాఖరుకి నీరు 65 దాటితే మళ్ళీ అన్నీ మార్చుకోవాలా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

పచ్చగుమ్మడి

అన్నా, తెగిన వార్మ్‌ని పారెయ్యకుండా వెలుతురులో పట్టుకుని చూడండి. తోక అంచులు చిన్న చిన్న గాట్లతో కొరుక్కు తిన్నట్టు ఉంటే అది బ్లూగిల్ అనే చిన్న చేప పని. దాని నోరు మన చిటికెన వేలు కొసంత. వార్మ్‌ని మింగలేదు, కొస పట్టుకుని పీకుతుంది. బాస్ పళ్ళు వేరు, గరుకు కాగితంలా సన్నటి వరసలు. బాస్ పట్టి వదిలేసిన వార్మ్ సాధారణంగా తెగదు. నిగనిగలాడే ఒంటి మీద ఒక అంగుళం మేర మసకబారి, సన్నటి గీతలు పడి, వేలితో రాస్తే గరగరమంటుంది. వార్మ్ తల కూడా హుక్ కన్ను దగ్గర్నుంచి కిందికి జారి ముడతలు పడి ఉంటుంది.

తగిలే తీరులో కూడా తేడా ఉంది. వరసగా టకటకటక అంటే బ్లూగిల్. ఒక్కటే "టప్", ఆ వెంటనే చేతికి బరువు తెలిసినా, లైన్ పక్కకి నడిచినా బాస్. మీరు రాసిన దాన్నిబట్టి సగం బ్లూగిల్, మిగతా సగం మీ సెటప్.

సెటప్‌లో మొదటి తప్పు వెయిట్. గట్టు పక్కన మూడు నాలుగు అడుగుల నీటికి 1/4 ఔన్సు ఎక్కువ. సెంకోలో ఉప్పు బాగా కలిపి ఉంటుంది, దాని ఒంటి బరువే దాదాపు 3/8 ఔన్సు. ఏ వెయిట్ లేకుండా వదిలితే అడ్డంగా పడుకుని, రెండు కొసలూ వణుకుతూ దిగుతుంది. చేపని రప్పించేది ఆ వణుకే. ముందు వెయిట్ కట్టారా, తలకిందులుగా రాయిలా పడిపోతుంది. వెయిట్ తీసెయ్యండి, గాలి మరీ ఎక్కువుంటే 1/16 పెట్టండి. 1/4ని రిబ్బన్ తోక వార్మ్‌లకీ, కాళ్ళూ రెక్కలూ ఉండే క్రీచర్ ఎరలకీ దాచుకోండి.

రెండోది బిగువు లైన్. బాస్ ఎరని కొరకదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. లైన్ బిగువుగా ఉంటే ఎర లోపలికి పోదు, తోక మాత్రం పెదాల మధ్య చిక్కుతుంది. మీరు గుంజుతారు, అది వదిలేస్తుంది.

మూడోది హుక్. 5 అంగుళాల సెంకో లావు. 3/0లో మొనకీ కాడకీ మధ్య సందు తక్కువ కాబట్టి, గుంజినప్పుడు ప్లాస్టిక్ ముద్దగా చేరి మొనని బయటికి రానివ్వదు. ఒక సైజు పెద్దది, 4/0 పెట్టండి. దానికి తోడు 10 పౌండ్ల మోనో రబ్బరులా సాగుతుంది, దూరంగా విసిరినప్పుడు మీరు గుంజిన దాంట్లో సగం లైన్ సాగడానికే సరి. 15 పౌండ్ల బ్రెయిడ్ (సాగని అల్లిక లైన్) చుట్టి, ముందు 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎర వైపు కట్టే ముక్క) 6 నుంచి 8 అడుగులు కట్టండి. రెంటినీ కలపడానికి డబుల్ యూనీ ముడి చాలు. రాడ్ మీది గైడ్లలో (లైన్ పోయే రింగుల్లో) తగలకుండా సాఫీగా పోవాలంటే ఎఫ్‌జీ ముడి నేర్చుకోవాలి. ఏ ముడైనా బిగించేముందు ఉమ్మితో తడపండి. ఫ్లోరోని పొడిగా బిగిస్తే ఆ రాపిడి వేడికే బలం పోయి, తర్వాత సరిగ్గా ముడి దగ్గరే తెగుతుంది.

వదులులైన్

పచ్చగుమ్మడి గారు చెప్పిన రెండో మాటని నేను మొదటి మాటగా పెడతాను. వసంతంలో మెత్తటి ఎరతో చేపని పట్టేది లైన్ వదులు. ఇదే సెంకోని వాకీ రిగ్ (హుక్‌ని తలకి కాకుండా నడుముకి తగిలించే కట్టు) చేసి చూడండి. 59 నుంచి 68 డిగ్రీల వరకు, గట్టు మీంచి, దీన్ని మించింది లేదు.

వార్మ్ నడుముకి, అంటే మధ్యలో నునుపుగా ఉండే పట్టీ దగ్గర, చిన్న రబ్బరు ఓ-రింగ్ ఎక్కించాలి. దీనికి గొట్టంలాంటి పనిముట్టు దొరుకుతుంది. వార్మ్‌ని లోపలికి దూర్చి, గొట్టం మీదున్న రింగ్‌ని దాని మీదికి జార్చడమే. హుక్‌ని రింగ్ కిందనుంచి పోనివ్వాలి, వార్మ్‌కి గుచ్చకూడదు. గుచ్చితే రెండు మూడు విసుర్లకే చీలి ఊడిపోతుంది. ఓ-రింగ్ అయితే ఒక్క వార్మ్ నాలుగైదు చేపలకి వస్తుంది. రెండు రింగులు అడ్డంగా గుణకారం గుర్తులా వేసి ఆ కూడలి కింద హుక్ దూర్చితే హుక్ వార్మ్ పొడవుకి సమాంతరంగా నిలుస్తుంది, గడ్డిలో తక్కువ తగులుకుంటుంది. హుక్ 1/0 వాకీ హుక్. గడ్డి, కొమ్మలు ఉన్నచోట ముందు సన్నటి తీగ అడ్డు ఉన్న రకం.

విసిరాక నీళ్ళలో పడగానే రీల్ బెయిల్ (లైన్‌ని పట్టి ఉంచే తీగ) మూయండి, రాడ్ కొస కాస్త పైకి, లైన్ మాత్రం నీటి మీద చంద్రవంకలా వదులుగా పడుండాలి. ఇక రాడ్‌ని మర్చిపోయి లైన్ నీటిలోకి దిగేచోటు చూస్తూ ఉండండి. ఆ చోటులో మూడు రకాల కదలికలు వస్తాయి. లైన్ ఒక్కసారి చిన్నగా ఎగిరిపడుతుంది. లేదా పక్కకి నడుస్తుంది. లేదా అడుక్కి చేరాల్సిన టైము కాకుండానే దిగడం ఆగిపోతుంది. మూడోదాన్ని చాలామంది గుర్తించరు. అందుకే మొదటి విసురులో ఎర అడుక్కి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్క పెట్టుకోవాలి. ఆరు సెకన్ల చోట మూడుకే లైన్ దిగడం ఆగిపోతే, మధ్యలో ఎవరో తీసుకున్నట్టే.

అప్పుడు గట్టిగా గుంజకూడదు. ఇది సన్న తీగ హుక్, మొన బయటే ఉంది. వదులు అంతా రీల్‌తో చుట్టేసి, బరువు తెలియగానే రాడ్‌ని పక్కకి సాఫీగా లాగితే పెదవి మూలలో దిగుతుంది. ఆలస్యం చేస్తే గొంతులోకి మింగేస్తుంది, వాకీకి ఉన్న పెద్ద ఇబ్బంది అదే. "ఇంకాస్త తిననిద్దాం" అనే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఏదీ తగలకపోతే అడుగున పది సెకన్లు కదపకుండా ఉంచి, రాడ్ కొసని ఒక అడుగు లేపి మళ్ళీ వదులుగా పడనివ్వండి. రెండు మూడుసార్లు అలా చేసి తీసేసి ఇంకో చోట విసరండి. చేప ఎక్కువగా ఎర మొదటిసారి దిగుతున్నప్పుడే తగులుతుంది, గట్టు దాకా లాక్కురావడం టైము దండగ.

తూర్పుటెక్సస్

రిగ్ సంగతి బాగా చెప్పారు. చోటు సరిగా లేకపోతే ఏ రిగ్గూ పనిచెయ్యదు కాబట్టి అది నేను రాస్తాను. తూర్పు టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ వైపు లెక్క ఇది, డాలస్ ఉత్తరాన వారం పది రోజులు వెనక నడుస్తుంది.

50 నుంచి 57 దాకా చేప ఇంకా గట్టుకి రాలేదు. గుడ్లు పెట్టే లోతు తక్కువ చోటుకి దగ్గర్లో, 8 నుంచి 12 అడుగుల లోతులో, వాగు పాయ అంచుల మీదా, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల కొసల దగ్గరా గుంపులుగా ఆగి ఉంటుంది. 58 నుంచి 62 మధ్య మగవి ముందు గట్టుకి వచ్చి గూళ్ళు చేస్తాయి. 62 నుంచి 68 మధ్య గుడ్లు పెట్టడం జోరుగా సాగుతుంది. 70 దాటాక ఆడవి లోతుకి వెళ్ళి బడలిక తీర్చుకుంటాయి, మగవి పిల్లల్ని కాస్తుంటాయి. చెరువంతా ఒకేసారి జరగదు, మూడు దశలూ ఒకే రోజు ఒకే లేక్‌లో వేర్వేరు మూలల్లో కనిపిస్తాయి. పౌర్ణమి రోజుల్లో గుడ్లు ఎక్కువ పెడతాయని ఇక్కడి పాతకాపులంతా నమ్ముతారు. నమ్మండి, మానండి, కానీ వేడి 60కి రాకపోతే ఏ పౌర్ణమీ వాటిని గట్టుకి తేలేదు.

గట్టు మీంచి పట్టేవాళ్ళకి ముఖ్యమైన మాట: ఉత్తరం, వాయవ్యం గట్లు ముందు వేడెక్కుతాయి. దక్షిణం నుంచి వాలుగా వచ్చే ఎండ నేరుగా అక్కడ పడుతుంది, చల్లటి ఉత్తరపు గాలి గట్టు అడ్డుతో తప్పుతుంది. ఒకే చెరువులో ఆ గట్టుకీ ఎదుటి గట్టుకీ నాలుగు డిగ్రీల తేడా ఉండొచ్చు. మీరు 59 చూసింది ఏ గట్టు దగ్గర? మధ్యాహ్నం మూడింటి లెక్క ఒక్కటే చూసి మోసపోవద్దు, పొద్దున ఏడింటికి కూడా థర్మామీటర్ పెట్టండి. పొద్దున కూడా 60 ఉంటే చేప వచ్చేసినట్టే. పొద్దున 53, మధ్యాహ్నం 59 అయితే అది పైపొర వేడి, చేప ఇంకా బయటే ఉంది.

అడుగు గట్టిగా ఉండాలి. ఇసుక, గులకరాళ్ళు, గట్టి మట్టి. మెత్తటి బురదలో గూడు నిలవదు, గుడ్లు ఊపిరాడక పోతాయి. కమ్యూనిటీ చెరువుల్లో కాలవ నీళ్ళు వచ్చి పడే సిమెంటు మూతి దగ్గర గులక ఉంటుంది, ముందు అక్కడ చూడండి.

గట్టుమీద_గాలం

చాలా థాంక్సండీ. 59 వచ్చింది తూర్పు గట్టున, పొద్దున ఎప్పుడూ చూడలేదు. టెక్సస్ రిగ్ (హుక్ మొనని వార్మ్‌లోనే దాచే కట్టు) వెయిట్ లేకుండా కడితే వార్మ్ గిరగిరా తిరుగుతూ వస్తోంది, లైన్ అంతా మెలికలు పడుతోంది. గుచ్చడంలో తప్పా?

పచ్చగుమ్మడి

గుచ్చడంలోనే. నిదానంగా ఇలా చెయ్యండి. హుక్ మొనని వార్మ్ తల నడిబొడ్డున పావు అంగుళం లోపలికి దింపి పక్కనుంచి బయటికి తియ్యండి. నడిబొడ్డు కాకుండా పక్కకి పోతే అక్కడే వంకర మొదలైనట్టు. హుక్‌ని కన్ను దాకా లాగి, అర చుట్టు తిప్పండి, మొన వార్మ్ వైపు వస్తుంది. ఇప్పుడు గుచ్చకండి. వార్మ్‌ని దాని బరువుకి అది తిన్నగా వేలాడనిచ్చి, పక్కన హుక్ ఆనించి, హుక్ వంపు అడుగు వార్మ్ మీద ఎక్కడ పడుతుందో అక్కడ గోటితో నొక్కి గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు దగ్గర కొంచెం వంచి మొనని నిటారుగా ఆరపార దింపండి. చివరికి మొన కొసని పై చర్మంలో నూలు పోగంత మందం కిందికి దాచండి, గడ్డి తగులుకోదు, చేప కొరికితే వెంటనే బయటికొస్తుంది.

లైన్ పట్టుకుని వేలాడదీసి చూడండి. తల నుంచి తోక దాకా గీత గీసినట్టు ఉండాలి. హుక్ దగ్గర ఉబ్బితే గుర్తు దాటి తోక వైపు గుచ్చారు, సాగదీసినట్టుంటే గుర్తుకి ముందే తల వైపు గుచ్చారు. రెంటిలో ఏదున్నా నీళ్ళలో ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. విసిరేముందు కాళ్ళ దగ్గర నీళ్ళలో ఒక్కసారి లాగి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పటికే మెలికలు పడ్డ లైన్ సంగతి: ఎర విప్పేసి, ఉత్త లైన్‌ని గాలి వాలుకి నీళ్ళ మీద వదిలి, వేళ్ళ మధ్య నొక్కి పట్టుకుని చుట్టుకోండి. స్పిన్నింగ్ రీల్‌లో బెయిల్‌ని హ్యాండిల్ తిప్పి మూయకుండా చేత్తో మూయడం అలవాటు చేసుకుంటే సగం మెలికలు అసలు రావు.

షార్లెట్_బోటు

నార్త్ కరోలినా నుంచి. మా పేరు మీదే ఉన్న రిగ్గుని ఎవరూ తలవలేదు కాబట్టి రాస్తున్నాను. 50 నుంచి 58 మధ్య, చేప ఇంకా 8, 10 అడుగుల్లో ఆగి ఉన్నప్పుడు, కరోలినా రిగ్‌కి తిరుగులేదు. గట్టు మీంచి కూడా పనిచేస్తుంది, ఎందుకంటే బరువు ఉంది కాబట్టి దూరం పోతుంది.

మెయిన్ లైన్‌కి 1/2 నుంచి 3/4 ఔన్సు వెయిట్, దాని వెనక గాజు పూస, తర్వాత స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే లంకె). స్వివెల్ నుంచి 18 నుంచి 36 అంగుళాల లీడర్, చివర 3/0 ఆఫ్‌సెట్ హుక్, దానికి 6 అంగుళాల లిజర్డ్ (బల్లి ఆకారం ఎర). నీరు తేటగా ఉంటే లీడర్ పొడుగు, బురదగా ఉంటే పొట్టి. పూస వెయిట్‌కి తగిలి టిక్కుమంటుంది, ముడిని కూడా కాపాడుతుంది. మెయిన్ లైన్ 15 పౌండ్లు, లీడర్ 12 పెట్టండి. రాయికి తగులుకుంటే లీడర్ ఒక్కటే తెగుతుంది, మిగతా సరంజామా దక్కుతుంది.

రాడ్‌ని పైకి లేపకుండా పక్కకి, నేలకి సమంగా, రెండడుగులు ఈడ్వాలి. ఆపాలి. ఆ ఆగుడులోనే లిజర్డ్ తేలుతూ మెల్లగా దిగుతుంది. ఈడుస్తున్నప్పుడు చేతికి అడుగు తెలుస్తుంది: బురద అయితే ముద్దగా లాగినట్టు, గులక అయితే గరగరమని. గరగర మొదలైన చోటే నిలబెట్టి పది సెకన్లు ఆగండి. మెత్తనిది గట్టిదిగా మారే ఆ గీత మీదే చేప ఉంటుంది.

బల్లి ఆకారం ఎందుకంటే, నీటి బల్లులు గుడ్లు తింటాయని, అందుకే బాస్ వాటిని చూస్తే ఊరుకోదని ఇక్కడి గాలపువాళ్ళ మాట. కారణం ఏదైనా మార్చి, ఏప్రిల్‌లో దాని మీద పడినట్టు ఇంక దేని మీదా పడదు.

వదులులైన్

> 8, 10 అడుగుల్లో ఆగి ఉన్నప్పుడు

గట్టు మీంచి, చిన్న చెరువులో 3/4 ఔన్సు వెయిట్ దబ్బున పడితే దగ్గర్లో ఉన్నవన్నీ చెదిరిపోతాయండీ. రే రాబర్ట్స్ లాంటి పెద్ద నీళ్ళకి సరే. కమ్యూనిటీ చెరువుకి ఆ పని నెడ్ రిగ్ చేస్తుంది: పుట్టగొడుగు ఆకారం జిగ్ హెడ్ (బరువు తల ఉన్న హుక్) 1/15 లేదా 1/10 ఔన్సు, మీద రెండు ముప్పావు అంగుళాల కురచ వార్మ్. దీనికి వాడే టీపీఈ అనే సాగే ప్లాస్టిక్, జీ-మ్యాన్ కంపెనీ ఎలాజ్‌టెక్ అని అమ్మేది, నీళ్ళ మీద తేలుతుంది కాబట్టి హెడ్ అడుగున ఆనగానే వార్మ్ నిటారుగా నిలబడి ఊగుతుంది. విసరడం, దిగనివ్వడం, అడుగున అరడుగు అరడుగు జరపడం, అంతే. ఎంత తక్కువ కదిపితే అంత మేలు. మొన బయట ఉంటుంది కాబట్టి కొమ్మల్లో మాత్రం వెయ్యొద్దు.

ఒక హెచ్చరిక, ఇది తెలియక డబ్బాలు డబ్బాలు పాడవుతాయి. ఎలాజ్‌టెక్ ఎరల్ని మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే అరలో పెట్టకూడదు. రెండూ తగిలితే ఒకదాన్నొకటి కరిగించుకుని జిగట ముద్ద అయిపోతాయి, ఆ ముద్ద డబ్బాని కూడా తినేస్తుంది. అవి వచ్చిన కవర్లోనే ఉంచండి. రంగురంగుల సెంకోల్ని కూడా కలిపి వెయ్యొద్దు, నల్లది పక్కనున్న ఆకుపచ్చదానికి అంటుకుంటుంది.

తూర్పుటెక్సస్

రంగుల మాట వచ్చింది కాబట్టి. గంటలకొద్దీ చర్చించే విషయం కాదిది. రెండడుగుల లోతు వరకు అడుగు కనిపించేంత తేట నీరైతే గ్రీన్ పంప్‌కిన్ లేదా వాటర్‌మెలన్ రెడ్. వాన పడి టీ రంగులోకి, ఎర్రమట్టి రంగులోకి మారితే బ్లాక్ అండ్ బ్లూ, జూన్‌బగ్ (ముదురు ఊదా). బురద నీళ్ళలో నల్లటిది ఎందుకంటే కింది నుంచి చూసే చేపకి వెలుతురు మీద ఆకారం గట్టిగా కనిపించేది ముదురు రంగే. ఈ నాలుగూ ఉంటే వసంతమంతా గడిచిపోతుంది, ఆ డబ్బులు మంచి హుక్కుల మీద పెట్టండి.

నీరు 62 దాటాక గూళ్ళు కనిపిస్తాయి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు, రాగి రంగువి, పెట్టుకుని ఎండ వీపు వెనక ఉండేలా నడిస్తే రెండడుగుల వెడల్పు తెల్లటి వలయాల్లా తెలుస్తాయి. మగచేప మీదే ఉంటుంది. చేప పారిపోతే వెనక్కి పదడుగులు తగ్గి పది నిమిషాలు ఆగండి, మళ్ళీ వస్తుంది. గూటికి మూడు నాలుగడుగులు అవతల విసిరి, మెల్లగా గూట్లోకి లాక్కొచ్చి వదిలెయ్యండి. ప్రతి గూట్లోనూ అరచేయంత చోటు ఒకటుంటుంది, ఎర అక్కడ పడితేనే చేప తల కిందికి వంచి తిరుగుతుంది. అది దొరికాక మిగతా గూటిని వదిలేసి ఆ చోటునే కాయాలి.

తోకలు తెగడానికి ఇంకో కారణం కూడా ఇక్కడే ఉంది. గూటి కాపలా ఉన్న మగది ఎరని తినదు, తోక పట్టుకుని బయట పారేస్తుంది. తోక పట్టుకున్నప్పుడు గుంజితే తోకే వస్తుంది. ఆ టైములో 3 లేదా 4 అంగుళాల చిన్న క్రీచర్, లేదా ట్యూబ్ (బోలు గొట్టంలాంటి ఎర), 1/4 ఔన్సు వెయిట్‌ని కదలకుండా స్టాపర్‌తో (లైన్ మీద ఎక్కించే చిన్న రబ్బరు ముక్కతో) బిగించి, 3/0 హుక్‌తో వెయ్యండి. ఎర మొత్తం హుక్కే అయినప్పుడు ఎక్కడ పట్టుకున్నా దొరుకుతుంది.

షార్లెట్_బోటు

ఇక్కడ నేను ఒప్పుకోను. గూటి మీద ఉన్నదాన్ని పట్టొద్దు. మగచేప పక్కకి జరిగిన ఒకటి రెండు నిమిషాల్లో బ్లూగిల్ గుంపు దిగి గుడ్లు ఊడ్చేస్తుంది. మీరు చేపని పట్టుకుని ఫోటో తీసేలోపు ఆ గూడు ఖాళీ. గూళ్ళు ఉన్న గట్టు నుంచి తిరిగి, వెనకున్న మొదటి లోతు అంచు మీద, 6 నుంచి 8 అడుగుల్లో విసరండి. గుడ్లు పెట్టడానికి వంతు కోసం ఆగిన పెద్ద ఆడవి అక్కడే ఉంటాయి, ఎరని నిజంగా తింటాయి కూడా.

తూర్పుటెక్సస్

గుడ్ల సంగతి మీరన్నది నిజం. టెక్సస్‌లో గుడ్ల కాలానికి నిషేధం లేదు, ఉత్తరాది రాష్ట్రాలు కొన్నింటిలో ఉంది. లోతు అంచున పెద్దవి ఉంటాయన్నదీ నిజమే, కొత్తవాళ్ళు మొదట అక్కడే ప్రయత్నించాలి. గూటి మీద పట్టేవాళ్ళకి నేను చెప్పేది: పట్టిన చోటే, అర నిమిషంలో, ఫోటో నీటి అంచునే తీసి వదలండి. సంచిలో వేసి గట్టంతా తిప్పితే ఆ చేప తిరిగి గూడు వెతుక్కోలేదు. ఎరని రెండుసార్లు వదిలేసిన చేపని ఇక విసిగించకండి.

చేపని కింది దవడ పట్టుకుని నిలువుగా వేలాడదియ్యొద్దు. నాలుగైదు పౌండ్లు దాటిందంటే రెండో చెయ్యి పొట్ట కింద ఉండాల్సిందే, లేకపోతే దవడ దెబ్బతింటుంది. గుడ్లతో ఉన్న ఆడదానికి మరీను. లేక్ ఫోర్క్‌లో 1992లో పడ్డ 18.18 పౌండ్ల చేపే ఇప్పటికీ రాష్ట్ర రికార్డు. జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య 13 పౌండ్లు దాటినది దొరికితే రాష్ట్ర వన్యప్రాణి శాఖ నడిపే షేర్‌లంకర్ కార్యక్రమంవాళ్ళు వచ్చి, టెక్సస్‌లోనే ఉన్న ఏథెన్స్ ఊళ్ళోని హేచరీకి తీసుకెళ్ళి గుడ్లు పెట్టిస్తారు. 1986 నుంచి నడుస్తోంది. అలాంటిది తగిలితే ముందు ఫోన్ చెయ్యండి, అప్పటిదాకా గాలి ఆడే నీళ్ళలో ఉంచండి.

చెరువుకట్ట (నిర్వాహకులు)

కొత్తగా చేరినవాళ్ళ కోసం. 17 ఏళ్ళు నిండినవాళ్ళకి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ లైసెన్సు ఉండాలి, మామూలు ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. వసంతంలో కొన్నారని మళ్ళీ వసంతం దాకా రాదు. లార్జ్‌మౌత్ బాస్‌కి రాష్ట్రమంతటా మామూలు నియమం 14 అంగుళాల కనీస పొడవు, రోజుకి 5. లేక్ ఫోర్క్‌లో వేరు: 16 నుంచి 24 అంగుళాల మధ్యవి వదిలెయ్యాలి, 24 దాటినది రోజుకి ఒక్కటే. వెళ్ళేముందు ఆ లేక్ పేరుతో ఈ ఏడాది నియమాలు చూసుకోండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) చెరువుల్లో ఆ కాలనీ అనుమతి కూడా కావాలి.

కాకతీయ_కొర్రమీను

వరంగల్ నుంచి చదువుతున్నా అన్నా. మా దగ్గర బాస్ లేదు, గాలానికి కొర్రమీను. ఈ వాకీ, టెక్సస్ రిగ్గులు దానికి పనికొస్తాయా?

పచ్చగుమ్మడి

టెక్సస్ రిగ్ పనికొస్తుంది తమ్ముడూ, వాకీ వద్దు. కొర్రమీనుకి నిజమైన పళ్ళున్నాయి, సెంకో ఒక్క కొరుకుడికి రెండు ముక్కలవుతుంది. 4 అంగుళాల తోక ఊపే మెత్తటి చేప బొమ్మని, 5/0 ఈడబ్ల్యూజీ హుక్ మీద మొన దాచి, గుర్రపుడెక్క, తామరాకుల సందుల్లో పైపైన లాగు. దట్టమైన నాచు మీద ఉత్త రబ్బరు కప్పే మేలు. లైన్ 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్, రాడ్ గట్టిది, ఎందుకంటే అది పట్టగానే గడ్డిలోకి దూరుతుంది.

ఇందాక గూళ్ళ గురించి అనుకున్నదంతా మీకు వానాకాలంలో వర్తిస్తుంది. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు బుడగల్లా లేచి మునుగుతుంటే కింద తల్లీతండ్రీ ఉంటాయి. అప్పుడు ఏది వేసినా మీద పడతాయి, కానీ పెద్దవాటిని తీసేస్తే ఆ గుంపు మొత్తం పిట్టలకీ చేపలకీ పోతుంది. ఆ గుంపుని వదిలెయ్యి.

గట్టుమీద_గాలం

వాయవ్యం గట్టుకి మారి, పొద్దున కూడా కొలిచాను, 60. వాకీతో లైన్ నడవడం కళ్ళకి కనిపిస్తోంది, మీ అందరికీ థాంక్స్. చివరిగా రెండు. గురువారం ఉత్తరపు గాలి వస్తోంది, రాత్రికి 38కి పడిపోతుందట. శనివారం వెళ్ళడం దండగా? చిరిగిన వార్మ్‌లని ఏం చేస్తారు?

వదులులైన్

దండగ కాదు, టైము మార్చుకోండి. పొద్దున్నే వెళ్ళొద్దు, ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా. చల్లగాలి వెళ్ళాక ఆకాశం తేటపడి చేప నోరు కట్టేసుకుంటుంది. ఎక్కడికో పోదు, వచ్చిన దారినే మొదటి లోతు అంచుకి తగ్గుతుంది, లేదా పక్కనున్న కొమ్మల్లో, గడ్డి దుబ్బులో దూరి కూర్చుంటుంది. వారం క్రితం మూడడుగుల్లో పట్టిన చోటు నుంచి లోపలికి తిరిగి, ఐదారు అడుగుల్లో వెతకండి. ఎర 4 అంగుళాలకి, లేదా 1/15 నెడ్‌కి తగ్గించండి. లీడర్ 8 పౌండ్లు. ఒక్కో చోట అర నిమిషం కదపకుండా ఆపండి. ఆనకట్ట రాళ్ళు ఎండకి వేడెక్కి సాయంత్రం దాకా ఆ వేడి నిలుపుకుంటాయి, గట్టు మీంచి పట్టేవాళ్ళకి ఆ రోజు అదే మంచి చోటు. అక్కడ నెడ్ హెడ్ సందుల్లో ఇరుక్కుంటుంది కాబట్టి వెయిట్ లేని టెక్సస్ రిగ్ వెయ్యండి.

పచ్చగుమ్మడి

చిరిగిన వార్మ్ నీళ్ళలో వెయ్యొద్దు, గట్టు మీదా వదలొద్దు. చేపలు మింగుతాయి, అది అరగదు, కడుపులో ఉబ్బి కూర్చుంటుంది. జేబులో ఒక జిప్ కవర్ పెట్టుకుని అందులో వేసుకు రండి. సెంకో తల చిరిగితే అటూ ఇటూ తిప్పి తోక వైపు గుచ్చుకోవచ్చు. రెండు వైపులా చిరిగితే మంచి సగాల్ని కోసి నెడ్ హెడ్‌కి ఎక్కించండి, ఉప్పు వార్మ్ నిలబడదు గానీ చేపకి అభ్యంతరం లేదు. నడుము మాత్రమే చీలితే అంచుల్ని లైటర్ మంటకి దూరంగా ఒక్క క్షణం చూపించి, మెరవగానే ఒకదానికొకటి నొక్కి పట్టుకోండి. ఆరుబయట చెయ్యండి, ఆ పొగ పీల్చకూడదు. వేడి ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే ఊడదు, పక్కన నీళ్ళు పెట్టుకోండి.